పాత విమానమునకు క్రొత్త అంగములు



నేటి విషయము విమానము. అందును వందలకొలది జనులను మోయు మహావిమానము కాదు. ఇరువురు మాత్రమే కూర్చుండదగిన చిన్న విమానము, తొంబదియేండ్ల నాటిది. దానియం దొక అంగము అరిగినను, విరిగినను, బదులుగా మరియొక అంగమును ఎక్కడ సంపాదింతురు? దొరకనిచో ఎట్లు చేయుదురు? చేసినదానిని ఏమి చూచి నమ్ముదురు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట నా ఉద్దేశము. నేను యంత్రశాస్త్రజ్ఞుడను కాను. వ్యాకరణ తర్కములు చదువుకొని, బడిలో పిల్లలకు పాఠములు చెప్పి, విశ్రాంతి తీసికొన్నవాడను. అయినను, ప్రమాణ మననేమి, నమ్మదగిన మాట యేది యని తర్కశాస్త్రమున విచారించిన వానికి ఈ విషయము పరాయిది కాదు.

విమానముల ముచ్చట మనకేల యని కొందరు శంకింపవచ్చును. మన సీమకు విమానము క్రొత్తది కాదు. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటాగారు కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా సంచులను పస్ మాత్ అను చిన్న విమానములో గొని తెచ్చిరి. అచ్చటినుండి నెవిల్ విన్సెంటుగారు వానిని బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చిరి. తుంగభద్రకు ఎగువనున్న బళ్లారియే ఆ తొలి తపాలా మార్గమున మజిలీ. నేడు ఆ నదికి ఆవలి వైపున, కర్నూలు సమీపమందలి ఓర్వకల్లు వద్ద, 2021 మార్చిలో విమానాశ్రయము తెరువబడినది. అంతకన్న ముఖ్య కారణ మొకటి కలదు. తయారు చేసినవాడు అంగడి మూసినపిదప వస్తువునకు దిక్కెవరు అను ప్రశ్న విమానమునకే కాదు, మన చేలలోని మోటారులకును, పిండిమరలకును, ట్రాక్టరులకును సమానమే. విమానమునందు ఆ ప్రశ్నకు ప్రాణము పణముగా నుండుటచే, సమాధానమును ఎక్కువ జాగ్రత్తగా వెదకిరి. ఆ జాగ్రత్తను మనము తెలిసికొందము.

ఉదాహరణముగా టైగర్ మాత్ అను విమానమును తీసికొందము. ఇది ఇంగ్లాండునందలి డీ హావిలాండు కంపెనీవారిది. మొదట ఎగిరినది 1931 అక్టోబరు 26వ తేదీన. మొత్తము మీద 8,800 పైచిలుకు నిర్మింపబడినవి. రెక్కలు ఒకదానిపై నొకటిగా రెండు జతలు. ఈ కొననుండి ఆ కొనకు 29 అడుగుల 4 అంగుళములు. ఖాళీ విమానపు బరువు ఇంచుమించు 500 కిలోలు. నాలుగు సిలిండరులు తలక్రిందులుగా అమర్చబడిన జిప్సీ మేజరు ఇంజను 130 గుఱ్ఱముల బలము గలది. దేహము ఉక్కు గొట్టముల చట్రము, రెక్కలు కొయ్య దూలములు, కొయ్య పక్కటెముకలు, పైన గుడ్డ. ఆశ్చర్యపడవలదు. మనిషిని మేఘమండలమునకు తీసికొనిపోవునది, ముఖ్యముగా, వడ్రంగి, కమ్మరి, నేతగాడు కలిసి చేసిన పనియే. హైదరాబాదునందలి బేగంపేటలో రెండవ ప్రపంచ యుద్ధకాలమున ప్రాథమిక వైమానిక శిక్షణాలయము నెలకొల్పబడినప్పుడు, యువకులు ఎగురుట నేర్చుకొన్నది ఈ విమానముల మీదనే.

డీ హావిలాండు కంపెనీ 1960 ప్రాంతమున హాకర్ సిడ్లీ అను మరియొక సంస్థలో చేరిపోయినది. టైగర్ మాత్‌ల తయారీ అంతకు చాల పూర్వమే నిలిచినది. అయినను నేటికిని లోకమున పలుచోట్ల ఇవి ఎగురుచున్నవి. మన భారత వైమానిక దళమువారు హెచ్.యు. 512 అను సంఖ్య గల టైగర్ మాత్‌ను బ్రిటనునందు బాగుచేయించి తెప్పించగా, అది 2012 అక్టోబరు 8వ తేదీ వైమానిక దళ దినోత్సవమున హిండన్‌లో జనులయెదుట ఎగిరినది. కంపెనీ లేదు, విమానము కలదు. ఈ మధ్యనున్న అగాధమును పూడ్చునవే బదులు అంగములు.

అవి దొరకు మార్గములు నాలుగు. మొదటిది, పూర్వము కంపెనీవారు చేసి, ఎవరి గిడ్డంగిలోనో పెట్టెవిప్పక నిలిచిపోయిన సరుకు. ఇది ఉత్తమమని తోచును గాని పరీక్ష లేక పుచ్చుకొనరాదు. పెట్టె విప్పకున్నను రబ్బరు గొట్టము ఎండి బీటలువారును. ఉక్కునకు తుప్పు పట్టును. జిగురునకు ఆయువు తీరును. రెండవది, ఎగురుటకు పనికిరాని మరియొక విమానపు కళేబరమునుండి ఊడదీసికొనుట. ఇందు చిక్కేమనగా, ఆ అంగము ఎన్ని గంటలు పనిచేసినదో, ఆ విమానము ఏనాడైన నేలకు కొట్టుకొన్నదో, దాని దినచర్య పుస్తకము లేనిదే తెలియదు. మూడవది, మూలపు నకాసాలను భద్రపరచి, వాని ననుసరించి అంగములు చేయించు వారసుల వద్ద కొనుట. ఇంగ్లాండునందలి డక్స్‌ఫర్డ్‌లో డీ హావిలాండు విమానములకు ఇట్టి సంస్థ యొకటి నడుచుచున్నది. నాలుగవది, ఏ మార్గమును లేనప్పుడు, అధికారుల అనుమతితో కార్యశాలలో క్రొత్తగా చేయుట. ఈ నాలుగవదియే కఠినమైనది. మన ప్రసంగమునకు ముఖ్యమైనది.

క్రొత్త అంగము చేయుటలో మువ్వురు సాక్షులు ఏకవాక్యముగా పలుకవలెను: ద్రవ్యము, మానము, పత్రము. మువ్వురిలో ఒక్కడు మౌనము వహించినను ఆ అంగము విమానమున కెక్కరాదు.

మొదట ద్రవ్యమును గూర్చి. రెక్కలోని దూలమునకు స్ప్రూసు అను కొయ్యను వాడుదురు. దానిలో శ్రేష్ఠమైన జాతి ఉత్తర అమెరికా పడమటి తీరమున పెరుగును. తేలికగా నుండియు బలముగా నుండుట దాని గుణము. అయినను ఆ చెట్టు కొయ్య యంతయు పనికిరాదు. కొయ్యలోని నార దూలము వెంట తిన్నగా పోవలెను. 15 అంగుళముల పొడవునకు ఒక అంగుళమునకు మించి ప్రక్కకు వాలరాదు. అడ్డముగా కోసిన కొననుండి చూచినప్పుడు అంగుళమునకు ఆరు వలయములకు తక్కువ ఉండరాదు. మన వడ్రంగులు బండి ఇరుసునకు కొయ్య నెన్నునప్పుడు నార తిరిగిన మ్రానును త్రోసివేయుట మీరెరుగుదురు. అదే న్యాయము, ఇక్కడ దానికి అంకె వేసిరి.

కొయ్యను కొయ్యకు అతుకు జిగురు కూడ ద్రవ్యమే. ఆ కాలమున పాలనుండి తీసిన కేసీన్ జిగురును విస్తారముగా వాడిరి. అది పొడి ప్రదేశమున మేలైనదే. తేమ తగిలినచో బూజుపట్టి పట్టు విడుచును. వానకారున గోడలు చెమర్చు మన దేశమున, అట్టి జిగురుతో కట్టిన పాత రెక్కను పైకి చూచి నమ్మరాదు. విప్పి కీళ్లను పరీక్షింపవలెను. తరువాత వచ్చిన కృత్రిమ రసాయనపు జిగురులకు బూజుభయము లేదు.

గుడ్డ సంగతి మన నేతవారికి ఆసక్తికరము. ఐర్లాండు దేశపు అవిసెనార గుడ్డను గాని, మేలురకపు నూలుగుడ్డను గాని రెక్కలపై తొడిగి కుట్టెడివారు. విమానములకు వాడు మొదటిరకపు నూలుగుడ్డలో పడుగు పేకలు రెండిటను అంగుళమునకు 80 నుండి 84 పోగు లుండవలెను. అంగుళము వెడల్పు పీలికను లాగినచో, క్రొత్తగుడ్డ 80 పౌనుల బరువునకు తాళవలెను. ఎండకును వానకును పాతపడి 56 పౌనులకు తాళలేని నాడు, కంటికి ఎంత చక్కగా నున్నను దానిని ఊడదీయవలసినదే. తొడిగిన గుడ్డపై పూయు రసాయనపు పూతవలన అది మృదంగపు మూతవలె బిగిసికొనును. ఇప్పుడు చాలమంది పాలియెస్టరు గుడ్డ తొడిగి, వేడి ఇస్త్రీపెట్టెతో బిగింతురు. గద్వాల చీరలో నూలు ఒడలిని, పట్టు అంచును నేర్పుతో కలుపు మన నేతగాండ్రకు 80 పోగుల గుడ్డ అసాధ్యమని నేను తలపను. కాని నేయుట వేరు. నేసిన ప్రతి తానునుండి పీలిక తీసి, లాగి, ఆ అంకెను వ్రాసి, తానుతో జతచేయుట వేరు. ఆ రెండవపని లేని గుడ్డ ఎంత మేలైనను చీర యగును గాని రెక్క కాదు.

ఇక రెండవ సాక్షి మానము, అనగా కొలత. టైగర్ మాత్‌కు బ్రిటిషువారి సన్నమరల బోల్టులు వాడబడినవి. పావు అంగుళపు బ్రిటిషు బోల్టునకు అంగుళమున 26 మరలు. అదే పావు అంగుళపు అమెరికా సన్నమర బోల్టునకు 28 మరలు. మరకును మరకును నడిమి గాడి కోణము మొదటిదానికి 55 భాగలు, రెండవదానికి 60 భాగలు. రెండిటిని అరచేత పెట్టుకొని చూచిన కన్ను భేదమును కనిపెట్టలేదు. ఒకదాని నట్టును మరియొకదానికి తిప్పినచో ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టుకొనును. ఇంకను బలవంతముగా బిగించినచో మరలు నలిగి, బిగిసినట్లు కనబడుచు, లోపల పట్టులేక యుండును. బిగియని బోల్టుకన్న బిగిసినట్లు నటించు బోల్టు ప్రమాదకరము.

కొలతలో మరియొక మోసము కలదు. పాత అంగమును ముందుంచుకొని దానిని పోలినది చేయుట సులభమని తోచును. కాని పాతది అరిగియున్నది; దానిని కొలిచి చేసినవాడు అరుగుదలను కూడ నకలు చేయును. అది వంగియున్నచో వంపును నకలు చేయును. తార్కికులు ఉపమాన ప్రమాణమునకు చెప్పు ఉదాహరణము మీరు వినియుందురు: గవయము గోవును పోలియుండునని విన్నవాడు అడవిలో దానిని చూచి గుర్తుపట్టును. పోలిక గుర్తించుటకు చాలును. అంతమాత్రమున గవయమును తెచ్చి పెరటిలో కట్టి పాలు పిదుకబోము గదా! ఆకారసామ్యము గుణసామ్యము కాదు. కనుకనే అరిగిన అంగమును గాక, మూలపు నకాసాలోని కొలతను, దానికి హద్దుగా విధించిన హెచ్చుతగ్గులను ప్రమాణముగా గైకొనవలెను. నకాసా దొరకనిచో, ఒకే రకపు అంగములను పెక్కింటిని కొలిచి, అరగని తావులను పోల్చి, లోహము కఠినత్వమును, అందలి ధాతువులను పరీక్షాశాలలో నిర్ణయించి, పిదప ఇంజనీరు చేత క్రొత్త నకాసాను వ్రాయించి, అధికారుల ఆమోదము పొందవలెను.

మూడవ సాక్షి పత్రము. విమానమునకు వచ్చు ప్రతి అంగము వెంట, అది ఎవరు చేసిరి, ఏ నకాసా ప్రకారము చేసిరి, ఏ పోతలోహము నుండి చేసిరి, ఎవరు పరీక్షించి సంతకము చేసిరి అను వివరములు రావలెను. మన దేశమున పౌర విమానయాన డైరెక్టరేటు జనరలువారి పద్ధతిలో అట్టి విడుదల పత్రమునకు సి.ఎ. ఫారము 1 అని పేరు. 1934 నాటి విమాన చట్టమునకు బదులు భారతీయ వాయుయాన అధినియమము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. చట్టము పేరు మారినను పత్రమునకు గల గౌరవము మారలేదు. దీనిని మనవారు ఆప్తవాక్యమందురు. చూడనిదానిని నమ్మవలసివచ్చినపుడు, చూచినవాని మాటయే ఆధారము. ఉక్కుకడ్డీ లోపలి గుణము కంటికి కనబడదు. దానిని కరగించినవాడు, పరీక్షించినవాడు చెప్పిన మాటయే పత్రము. అందుచే పత్రము లేని బంగారు బోల్టుకన్న పత్రముగల ఉక్కు బోల్టే విమానమున కెక్కువ విలువ గలది.

అయితే బదులు అంగములన్నియు ఒకే తరగతికి చెందినవి కావు. ఇందుకు మన హైదరాబాదు పేరు మోసిన యొక విమానమే దృష్టాంతము. మొదటి ప్రపంచ యుద్ధకాలమున నిజాముగారి ధనసహాయముతో బ్రిటిషువారి 110వ దళమునకు డి.హెచ్. 9ఎ అను విమానములు సమకూర్చబడినవి. ఆ దళమునకు హైదరాబాదు దళమనియే పేరు వచ్చినది. అందులో ఎఫ్. 1010 అను విమానము 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనుల చేత చిక్కి, పిమ్మట బెర్లిను ప్రదర్శనశాలకు, రెండవ యుద్ధానంతరము పోలండునందలి క్రాకోవ్‌కు చేరినది. 1977లో బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైర్ విమానమును మారకముగా నిచ్చి దానిని తెచ్చుకొనిరి. అప్పటికి దానికి రెక్కలు లేవు. క్రొత్తగా రెక్కలు చేసి తొడిగి లండనునందలి హెండన్ ప్రదర్శనశాలలో నిలిపిరి. ఆ రెక్కలు ఎగురుటకు కాదు, చూచుటకు. అట్టి అంగమునకు చరిత్రతో పొందిక చాలును. ఎగురు విమానపు అంగమునకో, మనిషి బరువును మోయు శక్తి కావలెను. ఈ రెండిటిని కలగాపులగము చేయరాదు. ప్రదర్శనశాలకై చేసిన అంగమును తెలియక ఎగురు విమానమునకు బిగింపకుండుటకే, దానిపై విడిగా గుర్తు వేయుట మంచి పద్ధతి.

ఇప్పుడు విషాదకరమైన సంగతి యొకటి చెప్పవలసియున్నది. 2013 డిసెంబరు 16వ తేదీన ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు తీరమున, సౌత్ స్ట్రాడ్‌బ్రోక్ ద్వీపము వద్ద, ఒక టైగర్ మాత్ ఆకాశమున విన్యాసము చేయుచుండగా ఎడమ రెక్కలు విరిగి కూలినది. నడుపువాడును, వెంటనున్న ప్రయాణికుడును మరణించిరి. విచారణలో తేలిన దేమనగా, క్రింది రెక్కలను దేహమునకు పట్టియుంచు రెండు అడ్డు ఊచలును మరలు కోసిన చోట తెగినవి. ఆ తావున అంతకు పూర్వమే సన్నని బీటలు పుట్టి, ప్రతి ప్రయాణమున కొంచెము కొంచెముగా ప్రాకియుండెను. లోహమునకు కలుగు ఈ అలసట పైకి తెలియదు. ఒక తీగను అటునిటు వంచుచు పోయిన ఎట్లు తుదకు పుటుక్కున తెగునో, ఇదియు నట్లే. ఆ ఊచలు మూలకంపెనీవి కావు, తరువాత చేసిన బదులు అంగములు. దొంగసరుకు కూడ కావు, అధికారుల ఆమోదముతో చేసినవే. వాని కేర్పరచిన 2,000 గంటల ఆయువు తీరకమునుపే అవి తెగినవి.

దీనినిబట్టి మన మేమి గ్రహింపవలెను? పత్రము అబద్ధమని కాదు. పత్రము ఒక్కటే చాలదని. మువ్వురు సాక్షులలో ఒకడు గట్టిగా పలికినంత మాత్రమున మిగిలిన ఇద్దరిని విచారింపక విడువరాదని. మర కోసిన గాడి అడుగున ఎంత సన్నని గీటున్నను బలము అచ్చటనే కేంద్రీకరించి బీటు పుట్టును. పొడవును, లావును సరిపోయిన ఊచ కూడ మర కోసిన తీరులో మూలమునకు భిన్నమైనచో దాని ఆయువు భిన్నమగును. కావున క్రొత్త అంగమును బిగించుటతో పని ముగియలేదు. అచ్చటినుండి మొదలైనదని తలచి, నియమిత కాలమున విప్పి, రంగుద్రవముతోను, అయస్కాంతముతోను బీటలను వెదకుచుండవలెను. వైద్యుడు మందిచ్చి ఊరుకొనక నాడి చూచుచుండునట్లు, మెకానిక్కు తన అంగమును మరల మరల చూచుచుండవలెను.

పెద్దలారా, ఈ మాటలు మన ఊరికి ఎట్లు వర్తించునో ఆలోచింపుడు. సాగుకాలమున నీటి మోటారు ఆగినపుడు, సంతలో తక్కువ వెలకు వచ్చిన, పేరుగల కంపెనీ ముద్ర వేసిన బేరింగును కొని బిగించుటయు, అది పక్షము దినములకే అరచి ఆగుటయు మనకు క్రొత్త కాదు. అందువలన ఒక తడి పోవును, ఒక మడి ఎండును. మోటారు నేలమీద నుండుటచే మనము దుఃఖించి మరల కొందుము. అదే తప్పు ఆకాశమున జరిగినచో మరల కొనుటకు మనిషి మిగులడు. భేదము ఫలమునందే గాని కారణమునందు లేదు.

మన గ్రామములలో చేతినేర్పునకు కొరత లేదు. బండి ఆకును దిద్దు వడ్రంగి, ఇరుసు చీలను సాగగొట్టు కమ్మరి, పోగు చూచి గుడ్డ యెన్నిక చెప్పు నేతగాడు ఇంకను ఉన్నారు. వారికి లేనిది వ్రాత. ఏ కొయ్య, ఎప్పుడు కోసినది, ఏ కొలతకు చేసినది, ఎన్నియేండ్లు నిలిచినది అను సంగతులు వారి తలలోనే యుండి వారితోనే పోవుచున్నవి. డీ హావిలాండు కంపెనీ పోయినను దాని విమానము నేటికిని ఎగురుటకు కారణము, ఎవరో ఆ కాగితములను పారవేయక దాచుటయే. చదువు వచ్చిన మనుమడినో, మనుమరాలినో తాతప్రక్కన కూర్చుండబెట్టి, ఒక నోటుపుస్తకమున పనిముట్టు బొమ్మ గీయించి, కొలతలు వ్రాయించుట పెద్ద ఖర్చు కాదు. యంత్రము కొన్నప్పుడు వచ్చిన చిన్న పుస్తకమును, రసీదును పొట్లముల కాగితములలో కలుపక పెట్టెలో దాచుట అంతకన్న తేలిక. అంగము మార్చిన తేదీని గోడమీద నైనను వ్రాయుడు.

చేయి నేర్చినవాడు వస్తువును చేయును; వ్రాసి యుంచినవాడు దానిని తరువాతి తరమునకు అందించును. ఈ ఇరువురును ఒక్కచోట కూడినచోటనే పాతది మరల ప్రాణము పోసికొని, మనిషి ప్రాణమును కాపాడును.